పక్కపక్కన కూర్చుని చూసిన రెండు తెరలు: లాస్ ఆఫ్ సెపరేషన్ విచారణలో నా అనుభవం

నేను ఏరియా రాడార్ కంట్రోలర్‌ని. టవర్ అద్దాల్లోంచి రన్‌వే చూసే ఉద్యోగం కాదు నాది. కిటికీలు లేని హాల్లో తెర ముందు కూర్చుని, 30,000 అడుగుల పైన పోయే విమానాలు ఒకదాని దగ్గరికి ఒకటి రాకుండా చూడటం మా పని. ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుంటాం, ఒక్కో ముక్కని సెక్టార్ అంటాం. సెక్టార్‌కి ఇద్దరం ఉంటాం. పైలట్లతో మాట్లాడే మనిషిని ఎగ్జిక్యూటివ్ అంటాం. పక్క కుర్చీలో ఉండేది ప్లానర్. రాబోయే విమానం ఏ లెవెల్లో, ఏ దారిలో రావాలో చుట్టుపక్కల సెక్టార్లతో ఫోన్లో ముందే మాట్లాడి పెట్టుకోవడం, ఎక్కడ ఇబ్బంది వచ్చేలా ఉందో చూసి ఎగ్జిక్యూటివ్ చెవిన వేయడం ప్లానర్ పని. ఈ ఘటన జరిగిన రోజు నేను ప్లానర్‌ని. మైకు మా సీనియర్ దగ్గర ఉంది.

ఆ మధ్యాహ్నం మా సెక్టార్‌లో రెండు విమానాల మధ్య ఉండాల్సిన ఎడం తగ్గిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ప్రయాణికుల్లో చాలామందికి విమానం ఓ మలుపు తిరిగిందని తప్ప ఇంకేమీ తెలిసి ఉండదు. కానీ ఆ నిమిషంన్నర మీద విచారణ వారాల తరబడి నడిచింది. నేను అందులో సాక్షిని. ఇలాంటి వార్త పేపర్లో వస్తే "తృటిలో తప్పిన ప్రమాదం, కంట్రోలర్ సస్పెన్షన్" అని రెండు ముక్కల్లో ముగుస్తుంది. లోపల జరిగేది వేరే.

ముందు లెక్క చెప్పాలి. మా లాంటి చోట రాడార్ మీద రెండు విమానాల మధ్య అడ్డంగా 5 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 9 కిలోమీటర్లు ఉండాలి. లేదా నిలువుగా 1,000 అడుగులు ఉండాలి. రెండూ అక్కర్లేదు, ఏదో ఒకటి ఉంటే చాలు. 29,000 నుంచి 41,000 అడుగుల మధ్య ఒకప్పుడు 2,000 అడుగులు అడిగేవారు. ఎత్తు కొలిచే పరికరాలు మెరుగయ్యాక అది 1,000కి తగ్గింది. ఎయిర్‌పోర్టుల దగ్గర, రాడార్ అందుకు తగ్గట్టు ఉంటే, అడ్డంగా 3 మైళ్ళు సరిపోతాయి. ఒకే క్షణంలో రెండు హద్దులూ దాటితే అది లాస్ ఆఫ్ సెపరేషన్. 4.9 మైళ్ళూ 900 అడుగులూ ఉన్నా అదే పేరు, అర మైలూ 100 అడుగులూ ఉన్నా అదే పేరు. కాబట్టి ఆ మాట వినగానే ఢీకొట్టబోయాయని అనుకోవడం సరికాదు. అలాగని తేలిగ్గా తీసుకునేదీ కాదు. ఎదురెదురుగా 450 నాట్ల చొప్పున, అంటే గంటకి 450 నాటికల్ మైళ్ళ వేగంతో వచ్చే రెండు విమానాలు నిమిషానికి 15 మైళ్ళు దగ్గరవుతాయి. 5 మైళ్ళు కరిగిపోవడానికి 20 సెకన్లు చాలు.

జరిగింది ఇది. పడమరకి పోయే రెండు విమానాలు ఒకే దారిలో, ఒకే ఎత్తులో, లెవెల్ 340లో ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. 340 అంటే 34,000 అడుగులు. ఆగ్నేయం నుంచి ఎక్కుతూ వచ్చే మూడో విమానం వాటి దారిని అడ్డంగా దాటి వాయవ్యానికి పోవాలి, దానికి 360 కావాలి. సీనియర్ దాన్ని 330 దగ్గర ఆపి ఉంచారు. ముందున్న విమానం దాటిపోయింది. ఆయన వెంటనే మూడోదాన్ని 360కి ఎక్కమన్నారు. వెనక రావాల్సిన రెండో విమానం ఇంకా దాటలేదు.

నేనప్పుడు పక్క సెక్టార్‌తో హాట్‌లైన్‌లో ఉన్నాను. వాళ్ళ వైపు నుంచి వచ్చే ఒక విమానం మబ్బులు తప్పించుకోవడానికి దారి మారతానని అడుగుతోంది, ఆ సంగతి మాట్లాడుతున్నాను. తెర మీద రెండు విమానాల పక్కనుండే లేబుళ్ళు ఎర్రగా కొట్టుకున్నాయి. ఎస్‌టీసీఏ అంటాం దాన్ని, విమానాలు దగ్గరవుతున్నాయని కంప్యూటర్ ఇచ్చే హెచ్చరిక. సీనియర్ ఎక్కుతున్న విమానాన్ని వెంటనే కుడికి తిరగమన్నారు, రెండోదాని వెనక నుంచి పోయేట్టు. సరిగ్గా అదే సెకనులో కొత్తగా సెక్టార్‌లోకి వచ్చిన ఇంకో పైలట్ కూడా మాట్లాడాడు. ఒకే ఫ్రీక్వెన్సీలో ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే అవతలివాళ్ళకి గీకుడు శబ్దం తప్ప ఏమీ వినిపించదు. ఆయన మళ్ళీ చెప్పారు, ఈసారి గొంతు పెంచి. పైలట్ తిప్పాడు. రెండోదాని పైలట్‌కి టీకాస్‌లో, అంటే ఢీకొట్టకుండా హెచ్చరించడానికి విమానంలోనే ఉండే పరికరంలో, ట్రాఫిక్ హెచ్చరిక వచ్చింది కానీ, ఎక్కమనో దిగమనో ఆదేశం రాలేదు. రెండు విమానాలూ అత్యంత దగ్గరగా వచ్చినప్పుడు వాటి మధ్య 3.8 మైళ్ళు, 500 అడుగులు.

ఆ తరవాతి కొన్ని నిమిషాల గురించి బయటివాళ్ళు పెద్దగా ఆలోచించరు. ప్రమాదం దాటింది. కానీ తెర మీద ఇంకా విమానాలున్నాయి, అవి ఆగవు. కంట్రోలర్ ఆలోచన మాత్రం జరిగిపోయినదాని దగ్గరే ఉంటుంది. ఇంకో తప్పు దొర్లడానికి అంతకన్నా అనువైన సమయం లేదు. అందుకే సూపర్‌వైజర్ వచ్చి ముందు ఏమీ అడగరు. వేరే ఇద్దరిని పిలిచి, మా వెనక నిలబెట్టి, పరిస్థితి వాళ్ళకి అర్థమయ్యాక కుర్చీలు మార్పిస్తారు. మా విషయంలోనూ అలాగే జరిగింది. హ్యాండోవర్ ఇస్తున్నప్పుడు సీనియర్ గొంతు మామూలుగానే ఉంది, ఒక్క విమానాన్నీ వదలకుండా వరసగా అప్పజెప్పారు. హాలు తలుపు దాటాక గోడకి ఆనుకుని నిలబడిపోయారు.

రికార్డింగులు వెంటనే సీలు వేస్తారు. రేడియో, ఫోన్, రాడార్ డేటా అన్నీ రికార్డవుతూనే ఉంటాయి. అంతర్జాతీయ నిబంధన ప్రకారం కనీసం 30 రోజులు ఉంచాలి, విచారణ ఉంటే అది తేలేదాకా ఉంచాలి. మమ్మల్ని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి స్టేట్‌మెంట్ రాయమన్నారు. టేపు వినకుండా, తెర చూడకుండా, ఎవరితో మాట్లాడకుండా, గుర్తున్నది గుర్తున్నట్టు.

నాకు బాగానే గుర్తుందనుకున్నాను. ఫోన్లో ఉన్నాను, ఎర్ర హెచ్చరిక వచ్చింది, అది చూసి ఫోన్ పెట్టేశాను, అప్పుడు సీనియర్ టర్న్ ఇచ్చారు. ఇంకో వాక్యం కూడా రాశాను: "మొదటి విమానం దాటకముందే, వెనక 340లో ఇంకొకటి ఉందని ఎగ్జిక్యూటివ్‌కి చెప్పాను." సంతకం పెట్టేటప్పుడు ఒక్క మాట మీద కూడా అనుమానం రాలేదు.

విచారణ తేలేదాకా సీనియర్‌ని రోస్టర్ నుంచి తప్పించారు. దీన్ని శిక్ష అనుకోకూడదని అందరూ అంటారు. నిజమే, నిబంధన ప్రకారం అది శిక్ష కాదు. కానీ రోజూ మైకు పట్టుకునే మనిషిని ఆఫీసు బల్ల ముందు కూర్చోబెట్టి పాత మాన్యువళ్ళు సరిచేయమంటే, అది శిక్ష కాదని ఆయనకి చెప్పి చూడండి. నన్ను కొద్ది రోజులు ఆపి, ఒక సిమ్యులేటర్ సెషన్ తరవాత కుర్చీలో కూర్చోనిచ్చారు.

మధ్యలో తోటి కంట్రోలర్ ఒకరు వచ్చి మాట్లాడారు. ఇలాంటి ఘటనల తరవాత సహోద్యోగులే మాట్లాడే ఏర్పాటు చాలా కేంద్రాల్లో ఉంది. అందుకు శిక్షణ తీసుకున్నవాళ్ళు ఉంటారు, వాళ్ళు విన్నది రిపోర్టులోకి పోదు. మొదట మొహమాటపడ్డాను, నేనేమీ చేయలేదు కదా, నాకెందుకు ఇది అనుకున్నాను. తీరా మాట్లాడటం మొదలుపెట్టాక అరగంట నేనే మాట్లాడాను. రాత్రిళ్ళు నిద్రలో ఎర్ర లేబుళ్ళు వస్తున్నాయని అప్పటిదాకా ఇంట్లో కూడా చెప్పలేదు.

ఇంటర్వ్యూకి వెళ్ళేటప్పుడు మాత్రం కడుపులో ఒకటే టెన్షన్. ఎదురుగా ఇద్దరున్నారు. ఒకరు పాత కంట్రోలర్. ఇంకొకరు మనిషి ఎలా చూస్తాడు, ఎలా పొరబడతాడు అన్నది చదువుకున్నవాళ్ళు. "ఎందుకు చూడలేదు?" అని అడుగుతారనుకుని జవాబులు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఆ ప్రశ్న రాలేదు. ఒక తెల్ల కాగితం, పెన్సిలు ఇచ్చి, "క్లైంబ్ ఇచ్చిన నిమిషంలో మీ తెర ఎలా ఉందో గీయండి" అన్నారు.

గీశాను. మొదటి విమానం, దాని వెనక రెండోది, పక్కనే దాని లేబుల్ 340, ఇంకాస్త ఎడంగా 380లో పోయే ఇంకో విమానం, కింద ఎక్కుతున్నది. వాళ్ళు ఆ కాగితం తీసుకుని చాలాసేపు చూసి, ఏమీ అనకుండా ఫైల్లో పెట్టుకున్నారు. దాని విలువ నాకు రీప్లే రోజున తెలిసింది.

రీప్లే గదిలో రెండు తెరలు పక్కపక్కన పెట్టారు. ఎడమది సీనియర్ తెర, కుడిది నాది. ఆ రోజు ఎవరి ముందు ఏం కనిపించిందో అది అలాగే, సెకను సెకనుకీ. రేడియో ఒక స్పీకర్లో, నా ఫోన్ ఇంకో స్పీకర్లో. నేను రోజూ చూసే తెరే అయినా, ఫలితం తెలిసి చూడటం భరించలేని పని. ఎక్కడ ఏం జరగబోతోందో తెలుసు కాబట్టి, "అదిగో, అక్కడుంది కదా, ఎలా వదిలేశారు" అని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకే విచారణాధికారి ముందే ఒక మాట చెప్పారు: "మీరిప్పుడు చూస్తున్నది ఆ రోజు ఎవరికీ కనిపించలేదు. ఆ రోజు కనిపించింది మాత్రమే మాట్లాడుకుందాం."

క్లైంబ్ ఇచ్చే సమయానికి వచ్చేసరికి ఆపారు. నా తెర మీద నేను గీసినట్టే ఉంది. రెండో విమానం, 340, స్పష్టంగా. ఎడమ తెర మీద రెండో విమానం లేదు.

లేదంటే, చుక్క ఉంది. ప్రతి విమానం చుక్క పక్కనా ఒక చిన్న లేబుల్ ఉంటుంది, అందులో కాల్‌సైన్ (రేడియోలో విమానాన్ని పిలిచే పేరు), ఎత్తు, వేగం కనిపిస్తాయి. అదే దారిలో 380లో పోతున్న విమానం ఆ సమయానికి సరిగ్గా రెండోదాని నెత్తి మీదుగా, కొంచెం ఎక్కువ వేగంతో దాన్ని దాటుతోంది. సీనియర్ తన సెక్టార్ మొత్తం కనపడాలని తెరని దూరంగా పెట్టుకున్నారు. నేను దాటే చోటు చూసుకోవడానికి దగ్గరికి లాక్కున్నాను. ఎవరి తెర వాళ్ళిష్టం, ఎవరి లేబుళ్ళు ఎటు ఉండాలన్నదీ వాళ్ళిష్టమే. నా తెర మీద రెండు లేబుళ్ళూ విడివిడిగా ఉన్నాయి. ఆయన తెర మీద ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పైన కనిపించేది 380. 360కి ఎక్కే విమానానికి 380లో ఉన్నదానితో గొడవేముంది? ఆయన తెర మీద కనిపించినదాన్ని బట్టి ఆ క్లైంబ్‌లో ఏ దోషమూ లేదు.

విమానాల లిస్టులో రెండు 340లూ ఉన్నాయి. ఆయన కొద్ది నిమిషాల ముందు ఆ లిస్టు చూశారు కూడా. ఆ తరవాత మళ్ళీ చూడలేదు. రిపోర్టు దీన్ని దాచలేదు: క్లియరెన్స్ ఇచ్చే ముందు లిస్టుతో సరిపోల్చుకోవాలి, సరిపోల్చుకోలేదు, కాబట్టి కంట్రోలర్ లోపం. ఒప్పుకోవాల్సిందే. కానీ అక్కడితో ఆపితే నేర్చుకునేది "ఇంకోసారి జాగ్రత్తగా చూడండి" అన్న ఒక్క మాటే. జాగ్రత్తగా ఉండమని కంట్రోలర్‌కి చెప్పడం ఊపిరి పీల్చుకోమని చెప్పడం లాంటిది. ఆ ఉద్యోగంలో ఇంకేముంది కనక?

నాకు అసలు దెబ్బ తగిలింది ఫోన్ రికార్డింగు దగ్గర. హెచ్చరిక చూసి ఫోన్ పెట్టేశానని రాశాను కదా. టేపులో నేను వాక్యం మధ్యలో "ఒక్క నిమిషం" అని ఆగిపోయాను. హెచ్చరిక ఇంకా రాలేదు. ఏదో చూశాను. బహుశా 330 దగ్గర ఆగి ఉండాల్సిన విమానం లేబుల్లో పైకి ఎక్కుతున్నట్టు బాణం గుర్తు వచ్చి ఉంటుంది. ఏం చూశానో ఇప్పటికీ నాకు తెలియదు. నా జ్ఞాపకం మాత్రం వరస మార్చేసి, ఎర్ర లేబుల్‌ని ముందుకి తెచ్చి, అంతా ఒక పద్ధతిగా సర్దేసింది. అబద్ధం రాయలేదు, నమ్మే రాశాను. సీనియర్ స్టేట్‌మెంట్లో హెచ్చరిక రాగానే టర్న్ ఇచ్చానని ఉందట. తన గొంతూ ఇంకో పైలట్ గొంతూ ఒకదాని మీద ఒకటి పడిన ఆ మొదటి ప్రయత్నం ఆయనకి అసలు గుర్తే లేదు.

ఇక ఆ ఇంకో వాక్యం. వెనక ఇంకొకటి ఉందని నేను చెప్పానా? చెప్పాననే నా నమ్మకం. ఏ టేపులోనూ లేదు. ఉండదు కూడా. రేడియోలో మాట్లాడింది రికార్డవుతుంది, ఫోన్లో మాట్లాడింది రికార్డవుతుంది. పక్క కుర్చీతో మాట్లాడింది గాల్లో కలిసిపోతుంది. తరవాత ఒకసారి సీనియర్‌ని నేరుగా అడిగాను. "నువ్వు చెప్పే ఉంటావు, నీ అలవాటు నాకు తెలుసు. నేను విన్న గుర్తు మాత్రం లేదు" అన్నారు. నా వరస కథ తప్పని టేపు తేల్చాక, ఈ వాక్యం మీద పట్టుబట్టే ధైర్యం నాకూ లేకపోయింది.

విచారణ జరిగినన్నాళ్ళూ మా హాల్లో పాత కేసులన్నీ మళ్ళీ చర్చకొచ్చాయి. ఇంతకుముందు చదివినవే, కానీ ఈసారి వేరేగా అనిపించాయి. 1996 నవంబర్ 12న ఢిల్లీ దగ్గర చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. గాల్లో జరిగిన ఢీకొట్టుళ్ళలో అంత ప్రాణనష్టం ఇంకెప్పుడూ లేదు. అక్కడ కంట్రోలర్ ఒకదానికి 15,000, ఇంకోదానికి 14,000 అడుగులు సరిగ్గానే ఇచ్చాడు. 15,000 దగ్గర ఉండాల్సిన విమానం కిందికి జారింది. ఆయన ముందున్న రాడార్ విమానం ఎక్కడుందో చూపిస్తుంది, ఎంత ఎత్తులో ఉందో చూపించదు. 2002 జులై 1 రాత్రి జర్మనీలో ఉబర్‌లింగెన్ మీద 71 మంది పోయారు. ఆ ఆకాశాన్ని చూసే స్విస్ కేంద్రంలో ఒకే కంట్రోలర్ రెండు స్థానాలు నడుపుతున్నాడు. మెయింటెనెన్స్ వల్ల తెర మీద వచ్చే ఢీ హెచ్చరిక ఆ రాత్రి లేదు, మెయిన్ ఫోన్ లైన్లు కూడా లేవు. ఆయన ఒక విమానాన్ని దిగమన్నాడు, అందులోని టీకాస్ ఎక్కమంది. పైలట్లు కంట్రోలర్ మాట విన్నారు. ఎదుటి విమానం తన టీకాస్ మాట విని అదీ దిగింది. టీకాస్ ఆదేశం వచ్చాక పైలట్ దాన్నే పాటించాలి, పాటిస్తున్నానని చెప్పిన పైలట్‌కి కంట్రోలర్ ఎదురు సూచన ఇవ్వకూడదు అన్న నియమం ఇప్పుడు అంత గట్టిగా ఉందంటే ఆ రాత్రే కారణం. ఆ కంట్రోలర్‌ని 2004లో, ప్రమాదంలో భార్యాబిడ్డల్ని పోగొట్టుకున్న ఒక తండ్రి ఇంటికొచ్చి చంపేశాడు.

జైలు కేసులూ ఉన్నాయి. 1976 సెప్టెంబర్ 10న జాగ్రెబ్ దగ్గర రెండు విమానాలు ఢీకొని 176 మంది చనిపోతే, కంట్రోలర్‌కి ఏడేళ్ళ శిక్ష పడింది. చాలా దేశాల కంట్రోలర్లు గొంతెత్తాక 1978లో వదిలారు. జపాన్‌లో 2001 జనవరి 31న ట్రైనింగులో ఉన్న కంట్రోలర్ 958 నంబరు విమానాన్ని దిగమనబోయి 907 అన్నాడు. రెండూ ఒకే సంస్థ విమానాలే. చివరి క్షణంలో పైలట్ కంటితో చూసి తప్పించాడు, ఎవరూ చనిపోలేదు, దాదాపు వంద మందికి గాయాలయ్యాయి. ఆ కంట్రోలర్ మీదా, పక్కన కూర్చున్న ట్రైనర్ మీదా కేసు పెట్టారు. 2010లో వాళ్ళ సుప్రీంకోర్టు శిక్షని ఖాయం చేసింది. నాకు నిద్ర పట్టనిది ఈ కేసు చదివాకే. పక్కన కూర్చున్న మనిషి. ఆ పాత్ర నాకు బాగా తెలుసు.

విమాన ప్రమాదాల విచారణకి సంబంధించిన అంతర్జాతీయ నియమావళి, అనెక్స్ 13, విచారణ ఉద్దేశం ఇంకో ప్రమాదాన్ని ఆపడమేనని, తప్పు ఎవరిదో తేల్చడం కాదని మొదట్లోనే చెబుతుంది. చెప్పినంత మాత్రాన పోలీసులు, కోర్టులు ఆగవు. నిర్లక్ష్యంగా, కావాలని నియమం తప్పితే శిక్ష ఉండాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. కానీ ఒక నంబరు బదులు ఇంకో నంబరు నోట్లోంచి జారినందుకు జైలుకి పంపితే, తరవాతి కంట్రోలర్ నోరు జారడం మానడు, జారిందని చెప్పడం మానేస్తాడు. మా హాల్లో 4.8 మైళ్ళు వచ్చినవాళ్ళు కూడా తమంతట తాము రిపోర్టు రాస్తారు. అది భయం లేకపోబట్టే.

డ్రాఫ్టు రిపోర్టు మా ఇద్దరికీ పంపి అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. తీవ్రతని ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాలుగా కడతారు. ఏ అంటే ఢీకొట్టే ముప్పు ఉంది, బీ అంటే భద్రతకి హామీ లేకపోయింది, సీ అంటే ఢీకొట్టే ముప్పు లేదు, డీ అంటే తేల్చడానికి సమాచారం చాలదు. టర్న్ పనిచేసింది, దూరం పెరిగింది కాబట్టి మాది సీ. సీనియర్ తన అభ్యంతరాల్లో దాన్ని బీ చేయమని రాశారు. రెండోసారి చెప్పిన టర్న్ కూడా ఎవరి గొంతు కిందో పడిపోయి ఉంటే ఏమయ్యేదని ఆయన వాదన. తన మీద పడే మచ్చని తానే పెద్దది చేయమని అడిగిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. వాళ్ళు మార్చలేదు, కానీ ఆయన వాదనని రిపోర్టులో చేర్చారు.

సిఫారసుల్లో రెండు వెంటనే అమలయ్యాయి. లేబుళ్ళు ఒకదాని మీద ఒకటి పడితే వాటంతటవే జరిగే సౌకర్యం మా సిస్టమ్‌లో ముందునుంచీ ఉంది. లేబుళ్ళు కదులుతుంటే చిరాకని చాలామంది ఆపేసుకునేవాళ్ళం. ఇప్పుడు ఎగ్జిక్యూటివ్ తెర మీద దాన్ని ఆపడం కుదరదు. రెండోది నాకు ఎక్కువ నచ్చింది. పైలట్‌కి మేం ఒక లెవెల్ ఇస్తే అతను దాన్ని తిరిగి చెప్పాలి, మేం విని సరిచూసుకోవాలి. అది దశాబ్దాల నియమం. పక్కపక్కన కూర్చున్న మా ఇద్దరి మధ్య మాత్రం అలాంటిదేమీ లేదు. ప్లానర్ చెప్తాడు, ఎగ్జిక్యూటివ్ తల ఊపుతాడు, లేదా ఊపాడని ప్లానర్ అనుకుంటాడు. ఇకనుంచి ట్రాఫిక్ గురించి ప్లానర్ చెప్పిన మాటని ఎగ్జిక్యూటివ్ పైకి తిరిగి చెప్పాలి. "వెనక 340లో ఇంకొకటి." "వెనక 340లో ఇంకొకటి, చూశాను." మొదట్లో నాటకంలా అనిపించింది, అలవాటైపోయింది.

సీనియర్ సిమ్యులేటర్‌లో కొన్ని సెషన్లు చేసి, ఎగ్జామినర్ పక్కన కూర్చోగా చెక్ పాసై, మళ్ళీ కుర్చీలోకి వచ్చారు. మొదటి వారం విమానాల మధ్య అవసరానికి మించి దూరం పెట్టారు, పక్క సెక్టార్లు గొణిగాయి. తరవాత మామూలైపోయారు.

మూడో సిఫారసు ఇంకా తేలలేదు. కంట్రోలర్ స్థానాల దగ్గర, కాక్‌పిట్ వాయిస్ రికార్డర్ లాగా, చుట్టూ మాట్లాడే మాటలు కూడా రికార్డు చేసే మైకులు పెట్టాలని. ఉబర్‌లింగెన్ విచారణ అడిగినదీ ఇదే. అంతర్జాతీయ నిబంధనల్లో చివరి 24 గంటలైనా నిలవుండేలా రికార్డు చేయాలన్న మాట ఉంది. అయినా మా హాల్లో ఆ మైకులు లేవు. సంఘం మీటింగులో దీని మీద రెండు గంటలు వాదులాట జరిగింది. మేనేజర్లు వింటారు, ఎవరో ఎవరినో తిట్టుకున్నది బయటికొస్తుంది, సెలవు గొడవలు కూడా రికార్డవుతాయి అన్నారు. నేను పెట్టాలనే అన్నాను. విచారణాధికారి తప్ప ఇంకెవరూ తెరవడానికి వీల్లేదని, ఘటన లేని రోజుది దానంతటదే చెరిగిపోవాలని షరతు పెట్టమన్నాను.

సీనియర్ వద్దన్నారు. "మాట రికార్డవుతోందని తెలిస్తే నువ్వు నాకు 'సార్, అది చూశారా' అని చెప్పే ముందు ఒక్క సెకను ఆలోచిస్తావు. నాకు ఆ సెకను కావాలి" అన్నారు. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. అయినా నాకు ఒప్పుదల కాలేదు. పైలట్ల మాటలు కాక్‌పిట్‌లో రికార్డవుతూనే ఉన్నాయి, వాళ్ళు ఒకరినొకరు హెచ్చరించుకోవడం మానలేదు కదా అన్నాను. "వాళ్ళకి అది మొదటి రోజు నుంచీ ఉంది, మనకి లేదు" అన్నారు. ఓటింగులో వద్దన్నవాళ్ళే గెలిచారు. మేనేజ్‌మెంట్ ఆ ప్రతిపాదన మళ్ళీ పెడతానంటోంది, ఈసారి ముందు రెండు స్థానాల్లో ప్రయోగంగా పెట్టి చూద్దామని. ఆ రెండింట్లో ఒకదానికి నేను పేరిచ్చాను.